మూసిన కొండ

మా ఊరి కొండ పోయిందని ఎవరైనా జాలిపడితే నాకు ఒళ్ళు మండుతుంది. పోయిందంటే దానంతటదే లేచి ఎటో వెళ్ళిపోయినట్టు ఉంటుంది. కొండ ఎక్కడికీ పోలేదు. జగ్గయ్యపేటలో నందిగామ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే ఇప్పటికీ కనిపిస్తుంది. చుట్టూ ఇనుప కంచె, లోపల నీలం రంగు రేకుల షెడ్లు, గేటు దగ్గర కుర్చీ వేసుకుని ఒక వాచ్‌మన్. దాన్ని చేతులారా మేమే అప్పగించాం. మేమంటే మా నాన్న, మా కులపెద్దలు, నేను. గోదాముల కంపెనీని తిట్టేవాళ్ళు తిట్టుకోవచ్చు, నేనూ తిడతాను. కానీ ముందు మమ్మల్ని తిట్టుకున్నాకే.

మాది గొర్రెల కాపర్ల కుటుంబం. మా నాన్న మందలో ఒకప్పుడు నూటయాభై జీవాలుండేవి. ఇప్పుడు పదకొండున్నాయి, అవీ కొట్టంలో కట్టేసి మేపుతున్నవి. ఊళ్ళో మందలున్న ఇళ్ళు పదహారు ఉండేవి, వాటిలో సగానికి పైగా అమ్ముకుని కూలికి పోతున్నారు. నేను డిగ్రీ చదివి నందిగామలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతున్నాను. ఊళ్ళోనే పెళ్ళయింది కాబట్టి పుట్టింటికీ అత్తింటికీ మధ్య రెండు వీధులే దూరం. నాన్నకి ఏ కాగితం వచ్చినా చదివిపెట్టేది నేనే. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందుకు పోతే తెలుస్తుంది.

మా ఊళ్ళో కొండని మూసే అలవాటొకటి ఉండేది. మృగశిరలో నాలుగు వానలు పడి కొండ పచ్చబడగానే పెద్దలు వెళ్ళి, పైకెక్కే రెండు దారులకీ అడ్డంగా తుమ్మకంప వేసి, దానికి వేపమండలు కట్టి వచ్చేవాళ్ళు. ఆ రోజు నుంచి గడ్డి ఎదిగి, గింజ పట్టి, ఆ గింజ రాలేదాకా కొండ మీదికి ఒక్క జీవం ఎక్కకూడదు. ఇంచుమించు రెండున్నర నెలలు. లేత గడ్డిని మొలకలోనే కొరికితే వేరు చచ్చిపోతుంది. గింజ రాలనిస్తే మళ్ళీ ఏడాదికి రెట్టింపు మొలుస్తుంది. ఇది మాకు ఎవరో వచ్చి మీటింగు పెట్టి నేర్పింది కాదు, తాతల నుంచీ ఉన్నదే. చుట్టుపక్కల ఊళ్ళ కొండలు కంకరా సర్కారు తుమ్మా తప్ప ఇంకేం మిగలకుండా బోడులైతే, మా కొండ మీద మాత్రం శ్రావణమాసం వచ్చేసరికి నడుమెత్తు గడ్డి గాలికి ఊగేది. దాన్ని చూసి మాకు ఎంత గర్వమో చెప్పలేను. ఆ గర్వమే మా కొంప ముంచింది.

మూసిన రోజుల్లో గొర్రెలు ఏం తినేవని అడగాలి కదా. పెద్ద మందలు కోదాడ దాటి తెలంగాణ వైపు పోయేవి. ఇంటి దగ్గర ఉంచుకున్న జీవాలకి సొంత గట్లు, సొంత మెట్ట చేలు ఉండేవి. మా నాన్నకి రెండెకరాలుంది. మందలున్న పదహారు ఇళ్ళలోనూ అంతో ఇంతో భూమి లేని ఇల్లు లేదు. కాబట్టి కట్టుబాటు మాకు పెద్ద కష్టమేం కాదు. ఉపవాసం మేం ఉన్నామని చెప్పుకుంటూ తిరిగాం గానీ కడుపు మాడింది వేరేవాళ్ళకి.

ఆ వేరేవాళ్ళలో ఒకామె ఊరి చివర ఎస్సీ కాలనీలో ఉంటుంది. భర్త పోయి చాలా ఏళ్ళయింది. తొమ్మిది మేకలు, సెంటు భూమి లేదు. ఆ మేకల మీదే కూతుర్ని మైలవరంలో చదివిస్తోంది. అంతకుముందు చేల గట్ల మీద మేపుకునేది. ఊళ్ళో రైతులు మెట్టంతా సుబాబుల్ వేసేసి తోటల్లోకి మేకల్ని రానివ్వడం మానేసారు. మిగిలిన చేలల్లో పత్తి, మిరప. వాటికి కొట్టే మందుల వల్ల గట్ల మీద గడ్డి తిన్నా మేక బతకదు. కొండ తెరిచి ఉన్నంతకాలం ఆమెకి బాధ లేదు. మూసిన రెండున్నర నెలలే చావొచ్చేది.

కొండ చేజారిన ఏడు, దాన్ని మూయడానికి పెద్దలు కూర్చున్న రోజున ఆమె తనే వచ్చి అడిగింది. దొంగచాటుగా కాదు, ముందుగా, అందరి ముందూ అడిగింది. అప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"అయ్యా, మేక ఆకు తింటది గానీ గడ్డి వేరు జోలికి పోదు. ఉత్తరం పక్క రాళ్ళవార గడ్డే లేదు, అన్నీ బలుసు పొదలు, రేగు పొదలు. ఆ ముక్క నాకొదలండి. గడ్డిలోకి ఒక్క మేక దిగినా మీరేమన్నా పడతా."

అందులో తప్పేముందో చెప్పండి. గొర్రె గడ్డి తింటుంది, మేక పొద తింటుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి జీవాలతో బతికిన మా పెద్దలకి ఈ సంగతి తెలియదా? తెలుసు. ఒకాయన నవ్వాడు. "మేకకో రూలు, గొర్రెకో రూలు పెడితే రేపు ఒక్కొక్కళ్ళూ ఒక్కో ముక్క అడుగుతారు," అన్నాడు ఇంకొకాయన. చివరికి అందరూ మా నాన్న వైపు చూసారు.

"కట్టుబాటంటే అందరికీ ఒకటే," అన్నాడు నాన్న.

ఆ మాట నాకు ఎంత నచ్చిందో! మర్నాడు స్కూల్లో పిల్లలకి సమానత్వం పాఠం చెబుతూ మా నాన్న మాటని ఉదాహరణగా కూడా చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. రెండెకరాలున్నవాడికీ అడుగు నేల లేనిదానికీ ఒకే కట్టుబాటు పెట్టి, దాన్ని సమానత్వమని పిల్లలకి నేర్పినదాన్ని నేను.

ఆమె మేకల్ని హైవే వారకి తోలుకుపోయింది. సిమెంటు లారీలు వరసగా పోయే రోడ్డది. రెండు వారాలకి చూలు మేకని ఒక లారీ కొట్టేసింది. లారీ ఆగను కూడా ఆగలేదట. ఆ తర్వాత పది రోజులకి ఆమె మిగిలిన ఎనిమిదింటినీ కొండ ఉత్తరం పక్క రాళ్ళలోకి ఎక్కించింది. నాలుగోరోజు మావాళ్ళు పట్టుకున్నారు.

మేకల్ని తోలుకొచ్చి పంచాయతీ బందెలదొడ్లో పెట్టారు. పంచాయతీ గుమస్తా దొడ్డి పుస్తకంలో తేదీ, కొండ సర్వే నంబరు, ఎనిమిది మేకలు అని రాసి ఆమె చేత సంతకం పెట్టించాడు. ఊరిది అయిపోయింది కదా, ఇక మా కులపెద్దల వంతు. కట్టుబాటు తప్పినందుకు ఒక పోతుని తప్పు కింద ఇమ్మన్నారు. ఇచ్చింది. దాన్ని గంగమ్మ గుడి దగ్గర కోసి వండుకున్నారు. నాన్న నాకు క్యారేజీలో పంపించాడు. కూర బాగా కుదిరింది. నేను రెండోసారి కూడా వడ్డించుకున్నాను. ఇది రాయకుండా వదిలేద్దామని చాలాసార్లు అనుకున్నాను, కానీ తిన్నదాన్ని తినలేదని ఎలా రాస్తాను?

ఇది జరిగిన మూడు వారాలకి, ఒక ఆదివారం పొద్దున, ఊళ్ళోకి జీపొచ్చింది. సర్వే చేసేవాళ్ళు నలుగురు. ప్రభుత్వ భూములు చూడ్డానికి వచ్చామన్నారు. నాన్న నాకు కబురు పెట్టాడు, ఆఫీసర్లతో మాట్లాడ్డానికి చదువుకున్న మనిషి పక్కనుండాలని. తుమ్మకంప పక్కకి లాగి వాళ్ళని పైకి తీసుకెళ్ళాం. అప్పటికి గడ్డి నడుము దాటింది. వాళ్ళలో కుర్రాఫీసరొకడు చుట్టూ చూసి ఆశ్చర్యపోయాడు.

"ఇక్కడ ఎవరూ మేపట్లేదా అండీ?"

"లేదు సార్," అన్నాను నేనే. "మా ఊళ్ళో మూసామంటే మూసినట్టే. ఒక్క గొర్రె కాలు పెట్టదు. ఎక్కడైనా ఒక్క పెంటిక కనిపిస్తే నన్నడగండి."

అతను నిజంగానే వెతికాడు. పెంటిక లేదు, వానలకి ఎప్పుడో కొట్టుకుపోయాయి. మందలు నడిచే దారులన్నీ గడ్డి కమ్మేసింది. నేను ఊరుకున్నానా? తెరిచాక మందలు ఎలా వస్తాయో, గడ్డి ఎన్ని నెలలు వస్తుందో చెప్పాల్సింది పోయి, మూయడం గురించే చెప్పాను. ఎవరైనా ఎక్కితే ఎలా పట్టుకుంటామో, ఎంత గట్టిగా ఉంటామో చెప్పాను. నాన్నని గడ్డిలో నిలబెట్టి ఫోటో తీసారు. నాన్న తలపాగా సర్దుకుని మరీ నిలబడ్డాడు. కిందికొచ్చాక మా ఇంట్లోనే మజ్జిగ తాగి పంచనామా రాసారు. అది నేనే గట్టిగా చదివి నాన్నకి వినిపించాను. నడుమెత్తు గడ్డి పెరిగి ఉన్నదని, పశువులు మేసిన ఆనవాళ్ళు లేవని, ఎవరూ మేపడం లేదని గ్రామస్తులు తెలిపారని ఉంది. అన్నీ నిజాలే. నాన్న సంతకం పెట్టాడు, సాక్షిగా నేనూ పెట్టాను. ఇది దేనికండీ అని ఒక్క ముక్క అడిగే జ్ఞానం నాకు లేకపోయింది. మా కొండ గురించి పేపర్లో వేస్తారేమో అనుకున్నాను.

రెండు నెలలకి పంచాయతీ బోర్డు మీద నోటీసు అంటించారు. ఎవరి వాడకంలోనూ లేని ఈ భూమిని గోదాములు కట్టే కంపెనీకి ఇవ్వదలచారని, అభ్యంతరాలుంటే ఫలానా రోజున నందిగామకి వచ్చి చెప్పుకోవాలని. అప్పటికి కొండ తెరిచాం, పదహారు మందలూ కొండ పైనే మేస్తున్నాయి. నోటీసు చదువుతుంటే పైనుంచి గొర్రెల అరుపులు కింది దాకా వినిపిస్తున్నాయి.

అందరం కలిసి ఆ రోజుకి ముందుగానే నందిగామ ఆఫీసుకి పరిగెత్తాం. అక్కడున్న అధికారి చెడ్డవాడు కాదు, అదే నా బాధ. చెడ్డవాడైతే వాడి మీద తోసేసి హాయిగా ఉండేదాన్ని. అతను ఫోటో చూపించాడు, పంచనామా చూపించాడు, కింద నా సంతకం చూపించాడు. "తాతల నుంచీ మేపుతున్నామంటున్నారు, ఇప్పుడు మీ మందలు తోలి ఉండొచ్చు. నోటీసు చూసాక తోలారని కంపెనీవాళ్ళంటారు. నోటీసుకి ముందు ఇక్కడ జీవాలు మేసాయని రాతలో ఏదైనా ఉంటే తీసుకురండమ్మా, విచారణలో చూస్తాను," అన్నాడు.

రాతలో ఏముంటుంది? గొర్రె మేసినందుకు ఎవడైనా రసీదిస్తాడా? కొండ పక్కన చేలున్న రైతుల్ని సాక్ష్యానికి రమ్మన్నాం. గోదాములొస్తే తమ చేలకి ధర వస్తుందని వాళ్ళకి తెలుసు. ఒక్కడు రాలేదు. తిరిగి తిరిగి పంచాయతీ ఆఫీసులో కూలబడితే, గుమస్తా తలగోక్కుంటూ అన్నాడు.

"కాగితమైతే ఒకటుందండి. దొడ్డి పుస్తకం."

మేం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం. కొండ మీద జీవాలు మేసాయని రాతలో ఉన్నది లోకంలో ఒక్కచోటే. మేం పట్టి తెచ్చి, దొడ్లో పెట్టించి, సంతకం చేయించిన ఆ ఎనిమిది మేకల దగ్గర. సర్వే జీపు రావడానికి మూడు వారాల ముందు తేదీతో.

పెద్దలు ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. దొంగమేత మనకి సాక్ష్యమా అన్నారు. ఆమె ముందు తలొంచుకోవాలా అన్నారు. కొండ పోతోందిరా బాబూ అని నేను గొంతు చించుకుంటే, ఆడపిల్లకి ఇంత నోరా అన్నారు. చివరికి నాన్న విసుగ్గా, "వెళ్ళి అడిగిరా," అన్నాడు.

వెళ్ళాను. అన్నేళ్ళూ పేరు పెట్టి పిలిచినదాన్ని, ఆ రోజు గుమ్మం ముందు నిలబడి "పిన్నీ" అన్నాను. ఆమె మేకలకి నీళ్ళు పెడుతోంది. వరస కొత్తగా ఉందే అన్నట్టు చూసింది గానీ ఆ మాట అనలేదు. నేను చెప్పిందంతా విని, తొట్టి కడిగి బోర్లించి అప్పుడు మాట్లాడింది.

"వస్తా. నాకూ కావాలి కొండ, మీకంటే ఎక్కువే కావాలి. కానీ ఊరికే రాను. ఉత్తరం పక్క రాళ్ళవార మూసిన రోజుల్లో కూడా మేకలకి వదలాలి. నాకొక్కదానికే కాదు, మా కాలనీలో మేకలున్నోళ్ళందరికీ. ఆ హక్కు మాకుందని మీ నాయన పదిమందిలో అనాలి."

"అంటాడు పిన్నీ. నాది పూచీ."

"నీ మాట మీద వస్తున్నా," అంది.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. చాలాసేపు చుట్ట కాల్చుకుంటూ కూర్చుని, "సరేనన్నానని చెప్పు," అన్నాడు. నేను మళ్ళీ కాలనీకి వెళ్ళి చెప్పి వచ్చాను. ఆ ఒక్క పని చేసినందుకు ఎంత మురిసిపోయానో తలుచుకుంటే సిగ్గేస్తుంది.

విచారణ రోజున అందరం ఒకే బస్సులో నందిగామ వెళ్ళాం. మావాళ్ళంతా ముందు సీట్లలో, ఆమె వెనక సీట్లో. ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. ఆఫీసులో ఒక పక్కన కంపెనీ తరఫు వాళ్ళు కూర్చున్నారు. అధికారి దొడ్డి పుస్తకం తిప్పి చూసి, ఆమెని పిలిచాడు. తడబడకుండా చెప్పింది. ఎన్ని రోజులు మేపిందో, ఎక్కడ మేపిందో చెప్పింది. మేక పొదలే తింటుంది కాబట్టి గడ్డి అలాగే నిలబడి ఉందని, గడ్డి నిలబడి ఉన్నంత మాత్రాన కొండ ఖాళీగా ఉన్నట్టు కాదని చెప్పింది. డిగ్రీ చదివిన నేను ఆ రోజు కొండ మీద చెప్పాల్సిన మాట అది. అధికారి తలూపుతూ రాసుకున్నాడు. కంపెనీవాళ్ళు మొదటిసారి కుర్చీల్లో కదిలారు.

అధికారి మా నాన్న వైపు తిరిగాడు.

"పెద్దాయనా, ఒక్కటే అనుమానం. మేకలు మేసాయని ఇందులో ఉంది, బాగానే ఉంది. కానీ మీరే పట్టి దొడ్లో పెట్టించారు. హక్కు లేకుండా మేస్తే అది ఊరి వాడకం కిందికి రాదు. ఇంతకీ ఆ కొండ మీద మేపుకునే హక్కు ఈమెకి ఉందా, లేదా? మీరే చెప్పాలి."

ఉంది. అంతే. రెండక్షరాలు. నాన్న నోరు తెరిచాడు. వెనక నుంచి పెద్దాయనొకడు గొంతు సవరించుకున్నాడు. నాన్న వెనక్కి తిరిగి పెద్దల ముఖాలు చూసాడు. తర్వాత ఆమె వైపు చూసాడు. ఆమె చేతులు కట్టుకోలేదు, తల వంచలేదు, మామూలుగా నిలబడి ఉంది. అది ఆయనకి ఎక్కడో గుచ్చుకుందని నాకు తెలుస్తూనే ఉంది.

"హక్కెక్కడిదండి," అన్నాడు నాన్న. "దొంగతనంగా తోలింది. అందుకే తప్పేసాం."

అధికారి కలం కింద పెట్టాడు. "ఇంకెవరైనా చెప్పేదుందా?" అన్నాడు. అంటూ నా వైపే చూసాడు, పంచనామాలో సంతకం నాదే కాబట్టి. నేను నాన్న పక్కనే ఉన్నాను. ఆమె ముందుగా వచ్చి రాళ్ళవార అడిగిందని, అడిగినా ఇవ్వలేదని, నిన్నగాక మొన్న ఇస్తామని మాటిచ్చామని, అన్నీ తెలిసినదాన్ని. స్కూల్లో నలభై మంది పిల్లల్ని ఒక్క అరుపుతో కూర్చోబెట్టేదాన్ని. నోరు మెదపలేదు. నాన్న మాట నలుగురిలో ఎలా కాదంటానని కాళ్ళ కింద గచ్చు చూస్తూ నిలబడ్డాను. అధికారి పుస్తకం మూసేసాడు.

ఆమె తోలబట్టే కొండ పోయిందని మావాళ్ళు ఇప్పటికీ రచ్చబండ దగ్గర చెప్పుకుంటారు. కట్టుబాటు తప్పిందట, గంగమ్మకి కోపమొచ్చిందట. వినేవాళ్ళు నమ్ముతారు కూడా. నాన్న మాత్రం ఆ మాటలు మొదలవగానే లేచి వెళ్ళిపోతాడు. ఆయన సిగ్గుపడుతున్నాడో, ఇంకా ఆ రోజు చెప్పిందే సరైనదనుకుంటున్నాడో నేను అడగలేదు. అడిగే మొహం నాకు లేదు.

ఆ రోజు ఆఫీసు మెట్లు దిగాక నేనే ఆమె వెనక పరిగెత్తాను. మా నాన్న అలా అంటాడనుకోలేదు పిన్నీ అన్నాను. ఆమె ఆగింది. ముఖంలో కోపం లేదు, ఉంటే బాగుండేది.

"మీ నాయన అనడని నాకు తెలుసమ్మాయ్. నలుగురు పెద్దలు వెనక నిలబడితే ఆయన నోట ఆ మాట రాదు. ఆయన్ని నమ్మి నేనింత దూరం రాలేదు. పక్కన నువ్వుంటావని వచ్చా."

జగ్గయ్యపేట బస్సొచ్చింది. ఆమె ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, నేనేమన్నా అంటానేమోనని బస్సు కదిలేదాకా నా వైపే చూసింది. నేనేమీ అనలేదు. లోపలా అనలేదు, బయటా అనలేదు.